పిడుగురాళ్ల సున్నం బట్టీకి ఒక సీసా డబుల్ ఐపీఏ

ఈ ప్రయాణం ఒక తండ్రి పెట్టిన షరతుతో మొదలైంది. నా రూమ్మేట్ కోటిది పిడుగురాళ్ల. వాళ్ల నాన్న అంజయ్య అక్కడ ఒక సున్నం బట్టీలో ముప్ఫై ఏళ్లుగా మేస్త్రీ. కోటి కెమిస్ట్రీలో డిగ్రీ చేశాడు. సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో చేరతాడని ఇంట్లో అందరూ ఎదురుచూస్తుంటే, వాడు విజయవాడలో సొంతంగా బీరు తయారుచేసుకునే ఒక పబ్బులో పనికి కుదిరాడు. "సారా కాసేదానికా నేను రాళ్లు కాల్చి నిన్ను చదివించింది?" అన్నాడట అంజయ్య. ఆ రోజునుంచి ఏడాది రెండు నెలలపాటు కొడుకుతో మాట లేదు, కొడుక్కి ఇంటి గడప లేదు. ఈ శివరాత్రి వెళ్లాక మాత్రం కోటి వాళ్లమ్మ ఫోన్ చేసి ఒక కబురు చెప్పింది. "మీ నాయన ఒక మాటన్నాడ్రా. వాడు చేసేదేందో ఒక్కసారి పంపమను, రుచి చూసి మాట్లాడతా అన్నాడు. పని చేతనైందని తెలిస్తే నేనే ఫోన్ చేస్తా, చేతగాలేదని తెలిస్తే వచ్చి బట్టీలో రాళ్లు మొయ్యమను అన్నాడు."

సరిగ్గా ఆ వారమే కోటి తన సొంత పాళ్లతో మొదటిసారి ఒక బీరు తయారుచేశాడు. దాన్ని డబుల్ ఐపీఏ అంటారు. బీరుకు చేదునీ సువాసననీ ఇచ్చేది హాప్స్ అనే తీగకు పూసే పచ్చటి పూలు. ఐపీఏ అనే రకంలో ఆ పూలు ఎక్కువ వేస్తారు. డబుల్‌లో ఇంకా ఎక్కువ. ఆల్కహాల్ కూడా ఎనిమిది శాతం ఉంటుంది కాబట్టి మామూలు బీరులా గ్లాసు మీద గ్లాసు తాగేది కాదు. శుక్రవారం సాయంత్రం కోటి నన్ను పబ్బు వెనక్కి తీసుకెళ్లి, స్టీలు ట్యాంకు కుళాయి తిప్పి, అరగ్లాసు పట్టి ఇచ్చాడు. ముదురు తేనె రంగు, పైన వేలెడు మందాన తెల్లటి నురగ. ముక్కు దగ్గర పెట్టుకోగానే చెట్టునుంచి మామిడికాయ కోసి తొడిమ తుంచినప్పుడు చిమ్మే సొన వాసన వచ్చింది. దాని వెనకే దబ్బకాయ తొక్క గోటితో గీరిన వాసన. ఒక గుక్క తాగితే ముందు బెల్లంపాకం లాంటి చిన్న తీపి, తర్వాత చేదు. ఆ చేదు వచ్చి నాలుక మధ్యలో కూర్చుంది. వేపచిగురులా మొహం చిట్లించే చేదు కాదు. కాస్త ఆగితే దాని వెనకనుంచి మళ్లీ ఆ మామిడి, ఆ దబ్బ తొక్క ఒకటొకటిగా బయటికొచ్చాయి. మింగాక కూడా గొంతులో చాలాసేపు వెచ్చగా ఉంది.

నేను ఎమ్మే తెలుగు మొదటి సంవత్సరం. జేబులో ఎప్పుడూ ఒక చిన్న నోట్‌బుక్ ఉంటుంది. బస్సుల్లో, సంతల్లో, హోటళ్లలో విన్న కొత్త మాటలన్నీ అందులో తేదీ వేసి రాసుకుంటాను. ఆ రోజు ఆ అరగ్లాసుకు రెండు పేజీలు రాశాను. అది చూసి కోటి అన్నాడు, "ఒరేయ్, నువ్వే పట్టుకెళ్లరా. శని ఆదివారాలు నాకు సెలవివ్వరు. ఇచ్చినా ఆయన మాట్లాడిందాకా నేను గడప తొక్కకూడదు. నీకైతే మాటలొచ్చు. ఇదేందో మా నాన్నకి అర్థమయ్యేట్టు చెప్పు." మామూలుగా ఆ పబ్బు నుంచి బీరు బయటికి ఇవ్వరు. మేనేజరు కోటి కథంతా విని, తయారుచేసినవాడి ఇంటికి శాంపిల్ అని చెప్పి ఒక లీటరు సీసాకు ఒప్పుకున్నాడు. ముదురు గోధుమరంగు గాజు సీసా, మూతకి రబ్బరు వాషరు, బిగించడానికి తీగ కొక్కెం. దాన్ని కాగితాల్లో చుట్టి, ఐసు నింపిన థర్మోకోల్ పెట్టెలో దించాడు. "చల్లగా ఉంచు. వేడి తగిలితే ముందు పొయ్యేది వాసన. వాసన పోతే ఇంక మిగిలేది ఒట్టి చేదే" అని మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ రాసుకున్నాను.

విజయవాడ నుంచి పిడుగురాళ్లకు గుంటూరు, సత్తెనపల్లి మీదుగా బస్సులు చాలానే ఉన్నాయి. మూడు గంటల పైన పడుతుంది, టికెట్టు రెండు వందల లోపు. నేను మాత్రం లారీలో వెళ్లాను. అంజయ్య పనిచేసే బట్టీ నుంచి సున్నం తెచ్చి దించిన లారీ ఒకటి శనివారం పొద్దున ఆరు గంటలకు గొల్లపూడి నుంచి ఖాళీగా తిరిగి వెళ్తోందని, నేరుగా బట్టీ దగ్గరే దిగొచ్చని కోటి ఏర్పాటు చేశాడు. డ్రైవరు సుబ్బారావు నున్నటి గుండుతో ఉన్నాడు. పండక్కి కోటప్పకొండ వెళ్లి తలనీలాలిచ్చి వచ్చాడట. నేను పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం చూసి అడిగాడు.

"ఏంది తమ్ముడూ, చేపలా?"

"కాదన్నా. సీసా. చల్లగా ఉండాలి."

"సీసాకా ఇంత పెట్టె! మా ఇంట్లో బాలింతని గూడా ఇంత జాగ్రత్తగా చూళ్లేదు."

గుంటూరు దాటేసరికి ఎండ ఎక్కింది. పేరేచర్ల దగ్గర ఎదురుగా టార్పాలిన్ బిగించి కట్టిన సున్నం లారీ ఒకటి వస్తుంటే, ఇంత ఎండలో టార్పాలిన్ ఎందుకని అడిగాను. సుబ్బారావు స్టీరింగు మీద చెయ్యేసి నవ్వాడు. "ఎండకి కాదు, వానకి. కాల్చిన సున్నం రాయి నీళ్లు తగిల్తే ఉడుకుద్ది. ఒకసారి అద్దంకి రోడ్డులో నడివేసవిలో వానొచ్చింది. టార్పాలిన్‌కి చిన్న చిరుగు. అరగంటలో ఎనక చెక్కలు అంటుకున్నయ్. వానలో లారీ తగలబడటం నువ్వెప్పుడైనా చూశావా?" లేదన్నాను. 'వానలో తగలబడ్డ లారీ' అని నోట్‌బుక్‌లో రాసి, కింద గీత గీసుకున్నాను. నాకు ఆ వాక్యం అంత నచ్చింది.

సత్తెనపల్లిలో ఎనిమిదిన్నరకు టిఫిను. బస్టాండు దగ్గరి చిన్న హోటల్లో నాలుగు ఇడ్లీ, నెయ్యి కారప్పొడి కలిపి నలభై రూపాయలు. గుంటూరు వైపునుంచి వచ్చేవాళ్లకు అక్కడ ఆగమని గట్టిగా చెప్తాను. పక్కనే సోడాకొట్టులో కొత్త ఐసు కొని పెట్టెలో నింపాను. అప్పుడే గమనించాను, లారీ కుదుపులకు పెట్టె ఒక మూల పగిలింది. సన్నగా నీళ్లు కారుతున్నాయి. ఐసు నిండుగా ఉంది కదా, కారితే కారనీ అనుకున్నాను. పది గంటలు దాటి పావుగంటకు పిడుగురాళ్ల చేరాం. ఊరికి ముందే రోడ్డు పక్క చెట్లన్నీ పిండి చల్లినట్టు తెల్లబడి ఉంటాయి. అదే మీకు గుర్తు.

బట్టీ అంటే నేను ఇటుకల బట్టీలాంటిది అనుకున్నాను. ఇది రెండంతస్తుల ఎత్తున గుండ్రటి బురుజులా ఉంది. పైనుంచి ఒక వరస సున్నపురాయి, ఒక వరస బొగ్గు పోస్తూ ఉంటారు. లోపల రోజుల తరబడి కాలి, కిందనున్న నోళ్లలోంచి తెల్లటి రాళ్లుగా బయటికొస్తుంది. అంజయ్య పైనుంచే నన్ను చూసి చెయ్యి ఊపాడు. సన్నటి మనిషి, తలకి తువ్వాలు, కనుబొమల మీద కూడా తెల్లటి దుమ్ము. "కూర్చో అబ్బాయ్, ఈ దఫా పోసి దిగుతా. గంట పట్టుద్ది" అని అరిచాడు. ఆవరణలో నీడ ఉన్నది ఒక్క రేకుల షెడ్డులోనే. అందులో గోడకు ఆనించి సున్నం నింపిన గోతాలు వరసగా పేర్చి ఉన్నాయి. నేల మీద పెడితే దుమ్ము పడుతుందని, పెట్టెను చివర ఉన్న గోతం మీద పెట్టాను.

అక్కడ రాళ్లు ఏరుతున్న ఒకావిడ తలెత్తింది. పేరు గురవమ్మ, యాభై ఏళ్లుంటాయి. బట్టీలోంచి వచ్చిన రాళ్లలో సరిగా కాలనివి ఏరి పక్కన పారేయడం ఆమె పని.

"నాయనా, తడి సరుకు గోతాల మీద పెట్టబాక. ఈ రాయి మూడు రోజులు నిప్పుల్లో ఉండి దప్పిక మీద వచ్చింది. నీళ్ల సుక్క కనపడితే ఆవురావురుమంటది."

ఆవురావురుమంటది! ఆకలి మీదున్న మనిషికి వాడే మాట ఒక రాయికి వేసింది. గబగబా నోట్‌బుక్ తీశాను. "మళ్లీ చెప్పమ్మా, దప్పిక మీద వచ్చిందా?" అని అడిగాను. ఆమె నవ్వి మళ్లీ చెప్పింది. మొత్తం వాక్యం అక్షరం పోకుండా రాసుకున్నాను. ఇప్పుడు ఆ పేజీ నా ఎదురుగానే ఉంది. 'తడి సరుకు గోతాల మీద పెట్టబాక' అన్న ముక్క కూడా అందులో ఉంది. అది నాతో చెప్పిన మాట అని, ఆ తడి సరుకు నాదేనని మాత్రం ఆ నిమిషంలో నా బుర్రకెక్కలేదు.

పెట్టె దించేసే వస్తాననుకుందేమో, "పైకెక్కి చూస్తావా?" అంది గురవమ్మ. ఎక్కాను. బట్టీ మీదికి రాళ్లు మోసే ఏటవాలు దారి ఉంటుంది. పైనుంచి క్వారీ గుంటలు, వాటి అడుగున పచ్చటి నీళ్లు, హైవే మీద లారీల బారు కనిపిస్తాయి. ఫొటోలు తీశాను. అంజయ్య బొగ్గు వరస ఎంత మందం ఉండాలో పార కామతో కొలిచి చూపించాడు. బొగ్గు తక్కువైతే రాయి నడుమ పచ్చి మిగులుద్ది అన్నాడు. పచ్చి మిగిలిన రాయి, పైకి మంచిరాయిలాగే ఉంటుందట. చేతిలోకి తీసుకుంటే బరువు తేడా తెలుస్తుందట. ఇంకా నమ్మకం లేకపోతే నీళ్లు చల్లి చూస్తారట. అన్నీ రాసుకుంటూ గంటంపావు పైనే ఉండిపోయాను.

కిందికి దిగి షెడ్డులోకి వచ్చేసరికి చివరి గోతంలోంచి ఆవిరి లేస్తోంది. కుట్లు తెగి గోతం పొట్ట ఉబ్బింది. పెట్టె అడుగు కరిగి మూతి ముడుచుకుపోయింది. అందులోని నీళ్లన్నీ గోతంలోకి దిగిపోయాయి. సీసా కుతకుతలాడే తెల్లటి ముద్దలో సగం దాకా కూరుకుని ఉంది. మూత దగ్గర వాషరు పక్కనుంచి సన్నగా నురగ కారుతోంది. నా తువ్వాలుతో పట్టి లాగాను. వేలికి సున్నం అంటుకుని చురుక్కుమంది. సీసా చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంది. చుట్టూ చూశాను. గురవమ్మ బట్టీకి అటువైపు ఉంది. ఎవరూ చూడలేదనుకున్నాను. చిరిగిన వైపు గోడకు వచ్చేలా గోతాన్ని కాలితో తిప్పి, సీసాను తువ్వాల్లో చుట్టుకుని రోడ్డు మీదున్న సోడాకొట్టుకు పరిగెత్తాను. అక్కడ బకెట్టు అడిగి, ముందు మామూలు నీళ్లలో, తర్వాత ఐసులో దించి, అరగంట కూర్చున్నాను. సీసా చల్లబడింది. చల్లబడితే చాలన్నట్టు వెనక్కి తీసుకొచ్చాను.

అంజయ్య కాళ్లూ మొహం కడుక్కుని, బట్టీ ఆఫీసు గది అరుగు మీద కూర్చున్నాడు. రెండు స్టీలు గ్లాసులు తనే కడిగి పెట్టాడు. "ఐసుకి పోయావంట?" అన్నాడు.

"అవును బాబాయ్. పెట్టె పగిలింది."

"చెయ్యికేమైంది?"

"ఏం కాలేదు. గీసుకుంది."

నేను సీసా తెరిచాను. కొక్కెం వదలగానే టప్పుమనాల్సిన మూత చప్పుడు చేయలేదు. గ్లాసులో పోస్తే నాలుగు బుడగలు లేచి ఆరిపోయాయి. అంజయ్య గ్లాసు అందుకుని వెంటనే తాగలేదు. ముందు గ్లాసు వంచి వెలుతురులో రంగు చూశాడు, తర్వాత వాసన చూశాడు, తర్వాత ఒక గుక్క తీసుకుని కళ్లు మూసుకుని నోట్లో ఉంచుకున్నాడు. ఇంత శ్రద్ధగా రుచి చూసే మనిషిని నేను ఆ పబ్బులో కూడా చూడలేదు. నేనూ ఒక గుక్క తాగాను. తడిసిన అట్టపెట్టె వాసన. ఉడికిన క్యాబేజీ వాసన. మామిడి లేదు, దబ్బ లేదు, తీపి నాలుకకు బంకలా అతుక్కుంది. చేదు ఒక్కటే నాలుక వెనక గీరుకుంటూ పోయింది.

"చేదు సరే" అన్నాడు అంజయ్య. "చేదుకి నేనేం జంకను. రోజూ వేపపుల్ల నమిలే నోరు. కానీ ఈ చేదు ఎనక ఏదో ఉండాలిగా అబ్బాయ్? ఊరికే చేదు కోసం ఎవుడూ ఇంత తిప్పలు పడడు. అదేది?"

ఇదే నా వంతు అనుకున్నాను. దారంతా తయారుచేసుకున్న మాటలు బయటికి తీశాను. మామిడి తొడిమ సొన గురించి చెప్పాను, గోటితో గీరిన దబ్బతొక్క గురించి చెప్పాను, బెల్లంపాకం గురించి చెప్పాను. నోట్‌బుక్ చూడకుండానే చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఒక్కో మాటకీ మళ్లీ ఒక గుక్క తాగి, ఆ రుచి కోసం వెతికాడు. నిజంగా వెతికాడు. చివరికి గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వు చెప్పేయన్నీ నీ పుస్తకంలో ఉన్నయ్. గ్లాసులో లేవు."

ఆయన రోడ్డు మీది లారీల వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "మా సున్నం గూడా అంతే. ఒక్కోసారి బట్టీలోనే చెడుద్ది. ఒక్కోసారి బట్టీలో బాగానే దిగుద్ది, దారిలో చెడుద్ది. కొన్నోడికి రెండూ ఒకటే. చేసినోడికి మాత్రం ఒకటి కాదు. ఇది యాడ చెడిందో నాకైతే తెలవదు. తెలిసినోళ్లు చెప్పాల."

ఆ మాట తర్వాత ఆయన చాలాసేపు ఆగాడు. నాకు జవాబు తెలుసు. అది ఇరవై గజాల దూరంలో, గోడవైపు తిప్పిన గోతంలో ఉంది. నోరు తెరిచాను. "మొదటిసారి చేశాడు కదా బాబాయ్. చెయ్యగా చెయ్యగా కుదురుతుంది" అన్నాను.

అంజయ్య నావైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. "మొదటిసారి. సర్లే" అన్నాడు. గ్లాసులో మిగిలింది పారబోస్తాడనుకున్నాను. పారబొయ్యలేదు. "మావాడి చేతిపని" అని, మందు తాగినట్టు మొత్తం తాగేసి, గ్లాసు బోర్లించాడు. తర్వాత లోపలికెళ్లి, మూత గట్టిగా ఉన్న ఒక చిన్న పాలపొడి డబ్బా తెచ్చాడు. అందులో బట్టీ నుంచి తనే ఏరి తెచ్చిన సున్నంరాయి ఒకటి ఉంది. "ఇది కోటిగాడికియ్యి. దారిలో మూత తియ్యబాక. తడి తగలనియ్యబాక. నీ చేతిలో పెడుతున్నా" అన్నాడు.

మధ్యాహ్నం రెండున్నరకు రోడ్డు మీద గుంటూరు బస్సు కోసం నిలబడ్డాను. ఊళ్లోకి వెళ్లనక్కర్లేదు, బట్టీల దగ్గర చెయ్యెత్తితే ఆపుతారు. గురవమ్మ సోడాకొట్టుకు మంచినీళ్ల కోసం వచ్చి నా పక్కన నిలబడింది. నా వేలి మీది ఎర్రటి మచ్చ చూసి, "కొబ్బరినూనె రాసుకో నాయనా" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మేస్త్రి ఆ గోతాం చూశాడయ్యా. నువ్వు ఐసుకి ఉరికినప్పుడే దిగొచ్చి చూశాడు. నేను తీసేత్తానంటే ఉండనియ్యమన్నాడు. పిల్లోడే చెప్తాడులే అన్నాడు."

అప్పుడు వెనక్కి వెళ్లుండొచ్చు. అరుగు మీద ఆయన ఇంకా కూర్చునే ఉన్నాడు, రోడ్డు మీదికి కనిపిస్తున్నాడు. వంద అడుగులు కూడా ఉండదు. ఇంతలో బస్సు వచ్చింది. ఆగింది. ఎక్కాను.

గది చేరేసరికి సాయంత్రం ఆరున్నర. కోటి పబ్బులో గంట అనుమతి అడిగి వచ్చి ఎదురుచూస్తున్నాడు. దారిలో కోటి ఫోన్ నాలుగుసార్లు మోగింది, తీయలేదు. తలుపు తీసీ తీయగానే "ఏమన్నాడ్రా?" అన్నాడు. నేను నోట్‌బుక్ తెరిచి, ఆయన మాటలు మార్చకుండా చదివాను. "చేదు సరే. ఈ చేదు ఎనక ఏదో ఉండాలిగా? అదేది?" ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. గోతం సంగతి ఒక్కటే చదవలేదు, ఎందుకంటే అది రాసుకోలేదు. కోటి డబ్బా తెరిచి, రాయిని పళ్లెంలో పెట్టి, దాని మీద కాసిని నీళ్లు చల్లాడు. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత చిటపటమని పగుళ్లు వచ్చి, ఆవిరి లేచి, రాయి మొత్తం రేకులు విచ్చుకున్నట్టు విడిపోయి మెత్తటి తెల్లటి పిండి అయింది. కోటి ఆ పిండిలో వేలు పెట్టి కెలికాడు. నడుమ పచ్చిరాయి ముక్క ఒక్కటి కూడా లేదు.

"చూశావా, ఎట్టా కాల్చాడో" అన్నాడు. "ఇదిరా పనంటే అని పంపాడు. నాది పచ్చి మిగిలిందని చెప్తన్నాడు." అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. వాడు అంత నెమ్మదిగా, అంత నమ్మకంగా అనేసరికి ఆ మాటను ఎలా ఆపాలో తెలియలేదు. ఇన్ని మాటలు పోగేసుకున్నవాడికి 'సీసా నేను ఉడకబెట్టాను' అన్న మూడు మాటలు నోటికి రాలేదు.

తర్వాతి వారం నాకు ఇంటర్నల్ పరీక్షలు. కోటి పబ్బునుంచి ఆలస్యంగా వచ్చేవాడు, మాట్లాడేవాడు కాదు. రోజూ ట్యాంకులోంచి కొంచెం పట్టుకుని రుచి చూసేవాడట, లేని తప్పు కోసం వెతికేవాడట. తాగినవాళ్లు బాగుందంటున్నారని మేనేజరు చెప్పినా వినలేదట. "మా నాన్న నాలిక తప్పు చెప్పదు సార్" అన్నాడట. బుధవారం పబ్బు బోర్డు మీదినుంచి దాని పేరు చెరిపించాడు. శుక్రవారం ట్యాంకులో మిగిలిందంతా తన చేత్తోనే కుళాయి తిప్పి కాలవలోకి వదిలేశాడు. శనివారం పొద్దున టీ తాగుతూ ఆ సంగతి మామూలుగా చెప్పాడు. నేను గ్లాసు కింద పెట్టి, అప్పుడు చెప్పాను. పగిలిన పెట్టె నుంచి గోడవైపు తిప్పిన గోతం దాకా, 'మొదటిసారి కదా' అన్న మాటతో సహా.

కోటి తిట్టలేదు. "అయితే మా నాన్న నా బీరు తాగనే లేదన్నమాట" అన్నాడు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టాడు. "నాకు చెప్పడం కాదు. ఆయనకి చెప్పు."

అంజయ్య ఫోన్ ఎత్తాడు. వెనక లారీ రివర్స్ అవుతున్న చప్పుడు. నేను మొత్తం చెప్పాను. "చెప్పావు. మంచిదే" అన్నాడు. తర్వాత ఒక మాట అన్నాడు. నేను నోట్‌బుక్‌లో రాసుకోని మాట అదొక్కటే, రాసుకోకుండానే గుర్తుండిపోయింది. "ఆ రోజే చెప్పుంటే నీతోపాటు నేనే బస్సెక్కి వచ్చేవాణ్ణిగా అబ్బాయ్. అప్పుడు అక్కడ ట్యాంకులో ఉందిగా."

ఇప్పుడు లేదు. ఆ పూలు మళ్లీ తెప్పించడానికి ఖర్చెక్కువని, ఈ వేసవికి తేలికపాటి బీర్లే చాలని మేనేజరు అన్నాడు. వర్షాకాలం తర్వాత చూద్దామన్నాడు. రుచి చూసినాకే మాట్లాడతానన్న మనిషి ఇంకా రుచి చూడలేదు కాబట్టి, కొడుకుతో ఇంకా మాట్లాడలేదు. మాటంటే మాటే ఆయనకి. కోటి ఈ వ్యాసం చదివాడు. పేర్లు మార్చి రాయమన్నాడు, మార్చాను. మిగతాదేదీ మార్చొద్దన్నాడు. నేను ఆ రోజు అంత దూరం వెళ్లింది ఒక రుచిని మాటల్లో పెట్టి ఒక మనిషికి అందించడానికి. రుచి గ్లాసులో లేనప్పుడు ఎంత మంచి మాటైనా దాన్ని తెచ్చి పెట్టలేదని ఆ అరుగు మీద చూశాను. అక్కడ కావలసిన మాట ఒక్కటే. అది అందమైన మాట కాదు, నా దగ్గర ఉంది, ఇవ్వలేదు. గురవమ్మ చెప్పిన వాక్యం ఇప్పటికీ నా పుస్తకంలో అన్నిటికంటే మంచి వాక్యం. దాన్ని చదివినప్పుడల్లా ముందు నా కంటికి కనపడేది దాని మొదటి సగమే.

ఆ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. ఇలాంటి బీరును తయారైన చోటే, ట్యాంకు పక్కనే నిలబడి తాగండి. తప్పనిసరిగా మోసుకెళ్లాల్సి వస్తే, మొదటి బస్సుకు బయల్దేరి, ఎక్కడా ఆగకుండా, నీళ్లు కారని స్టీలు ఫ్లాస్కులో పట్టుకెళ్లండి. సున్నం బట్టీల దగ్గర నీడ దొరకకపోతే ఎండలోనైనా నిలబడండి గానీ గోతాల మీద తడి పెట్టకండి. అయినా పాడైతే, పాడైన చోటే చెప్పేయండి. అప్పటికింకా ట్యాంకులో ఉంటుంది.